మందు దోమతెరలు వచ్చి మూడేళ్లయింది, చంటిపిల్లలకు జ్వరాలు ఆగడం లేదు. లోపం ఎక్కడ?

గూడెం_అంగన్‌వాడీ:

అందరికీ నమస్కారం అండి. మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు వైపు కొండ మీద గూడెం. నలభై పైచిలుకు ఇళ్లు, ఐదేళ్ల లోపు పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. కింద గెడ్డ పారుతుంది. మూడేళ్ల కిందట వానలకు ముందు ఇంటింటికీ మందు దోమతెరలు ఇచ్చారు. మొదట్లో బాగానే కట్టుకున్నారు. ఇప్పుడు సగం ఇళ్లలో తెర మూట కట్టి అటక మీద ఉంది. కట్టినవాళ్లలో కూడా పిల్లలకు చలిజ్వరం వస్తోంది. "ఈ తెరలో మందు లేదు, నల్లులు కూడా చావట్లేదు" అంటున్నారు.

నా సందేహాలు ఇవి. మూడేళ్లకు మందు పూర్తిగా పోతుందా? చిరిగిన తెర వాడొచ్చా, పారేయాలా? గెడ్డలో బట్టల పౌడర్ వేసి ఉతుకుతున్నారు, తప్పేనా? ఉయ్యాలలో పడుకునే పసివాళ్లకు ఎలా కట్టాలి? సంతలో నైలాన్ తెరలు దొరుకుతున్నాయి, వాటికి మనమే మందు పట్టించుకోవచ్చా? అన్నిటికంటే ముఖ్యం, తెరలో పడుకున్న పిల్లకు కూడా మలేరియా ఎందుకొస్తోందో తల్లులకు ఏం చెప్పాలి?

దోమల_విభాగం:

మేడమ్, ముందు మందు సంగతి. ప్రభుత్వం ఇచ్చే తెరల్లో డెల్టామెత్రిన్ గానీ ఆల్ఫాసైపర్‌మెత్రిన్ గానీ ఉంటుంది, రెండూ పైరెత్రాయిడ్ జాతి మందులే. పాలియెస్టర్ తెరకైతే మందు పైపూతగా పట్టి ఉంటుంది. పాలిథిలిన్ తెరకైతే దారం తయారయ్యేటప్పుడే లోపల కలిపేస్తారు, పైన అరిగేకొద్దీ లోపలి నుంచి ఊరుతుంది. 20 ఉతుకులు, 3 ఏళ్ల వాడకం తట్టుకోవాలన్నది వాటికి పెట్టిన ప్రమాణం. అంతమాత్రాన మూడేళ్లు నిండిన రోజున మందు ఆరిపోదు. ఏడాదికి నాలుగుసార్లు ఉతికి నీడన ఆరేసిన తెర నాలుగో ఏడు కూడా కొంత పనిచేస్తుంది. నెలకు రెండుసార్లు పౌడర్ వేసి బండకేసి బాది, ఎండలో ఆరేసింది ఏడాదికే డీలా పడుతుంది. మందును చెడగొట్టేవి మూడు: ఘాటైన డిటర్జెంటు లేదా బ్లీచింగు, వేడినీళ్లు, నేరుగా తగిలే ఎండ.

నల్లుల మాట నమ్మకండి. నల్లులు ఈ జాతి మందులకు చాలాచోట్ల అలవాటుపడిపోయాయి. కొత్తలో చచ్చి, తర్వాత చావకపోతే జనం తెరనే అనుమానిస్తారు. నల్లి చావకపోయినా ఆ తెర దోమ మీద పనిచేస్తూ ఉండొచ్చు.

దోమ సంగతి కూడా చెప్పాలి. మన్యంలో మలేరియా మోసేవి ముఖ్యంగా రెండు అనాఫిలిస్ జాతులు. ఫ్లూవియాటిలిస్ నెమ్మదిగా పారే గెడ్డల అంచుల్లో, గడ్డి తగిలే చోట గుడ్లు పెడుతుంది. దానికి మనిషి రక్తమంటేనే ఇష్టం, ఇంట్లోనే వాలుతుంది. అలాంటి దోమకు మందు దోమతెర సరిగ్గా సరిపోయిన ఆయుధం. రెండోది క్యూలిసిఫేసిస్, పశువుల మీద కూడా బతుకుతుంది. దీనికి డీడీటీ, మలాథియాన్ ఎప్పుడో పనిచేయడం మానేశాయి, పైరెత్రాయిడ్లకు కూడా చాలా జిల్లాల్లో మొండికేసింది. అలాంటిచోట ఆఫ్రికాలో పీబీఓ (దోమలో మందును తట్టుకునే శక్తిని తగ్గించే పదార్థం) కలిపిన తెరలు, క్లోర్‌ఫెనాపిర్ అనే వేరే జాతి మందు కలిపిన తెరలు వాడుతున్నారు. ఈ రెండో రకం తెరలో చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాముల ఆల్ఫాసైపర్‌మెత్రిన్, 200 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనాపిర్ ఉంటాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మీ గూడేనికి ఏ రకం వచ్చిందో తెర అంచున కుట్టిన లేబుల్ మీద ఉంటుంది. ఒకసారి చూసి ఇక్కడ పెట్టండి.

చిరుగుల లెక్క. కంటితో చూసి "పోయింది" అనకండి, కొలిచే పద్ధతి ఉంది. తెరను వెలుగుకు ఎత్తి పట్టి రంధ్రాలను నాలుగు సైజులుగా లెక్కపెట్టాలి: ఒకటి బొటనవేలు దూరనివి, రెండు బొటనవేలు దూరి పిడికిలి దూరనివి, మూడు పిడికిలి దూరి తల దూరనివి, నాలుగు తల దూరేవి. ఒకటో సైజు రంధ్రానికి 1, రెండోదానికి 23, మూడోదానికి 196, నాలుగోదానికి 576 చొప్పున వేసి కూడండి. మొత్తం 64 లోపు ఉంటే తెర బాగున్నట్టే. 642 వరకు చిరిగింది గానీ వాడుకోవచ్చు, కుట్టాలి. 642 దాటితే మార్చాలి. ఉదాహరణకు రెండో సైజువి మూడు ఉంటే 69, అంటే ఇప్పటికిప్పుడు సూది తియ్యాలి. మూడో సైజువి రెండుంటే 392, ఇదీ కుడితే వాడదగ్గదే. ఇరవై ఇళ్లు తిరిగి ఈ లెక్క రాసుకుంటే, కొత్త తెరలు అడగడానికి పీహెచ్‌సీలో మీ చేతిలో కాగితం ఉంటుంది. నోటిమాటగా "అన్నీ చిరిగాయండి" అనడం కంటే అది బాగా పనిచేస్తుంది.

చిరుగులు దాదాపు ఎప్పుడూ కిందిభాగంలోనే మొదలవుతాయి. మంచం కోడుకు, వెదురు పేళ్లకు రాసుకుని చిరుగుతాయి, ఎలుకలు కొరుకుతాయి, పొయ్యి నిప్పురవ్వలు పడతాయి. పగలు తెరను పైకి మడిచి ముడివేస్తే సగం చిరుగులు తప్పుతాయి. రంధ్రం చిన్నగా ఉన్నప్పుడే నాలుగు కుట్లు వేయాలి. పెద్దదానికి పాత తెర ముక్కతో అతుకు వేయాలి. కొత్తది చేతికొచ్చేదాకా పాతదాన్ని వదలొద్దు. మందున్న చిరుగుతెర, మందులేని చిరుగుతెర కంటే చాలా నయం. రంధ్రం వెతుక్కుంటూ తెర మీద వాలిన దోమకు మందు తగులుతుంది కాబట్టి.

పిల్లల_వైద్యం:

అమ్మా, తెరలో పడుకున్న బిడ్డకు జ్వరం ఎందుకన్నదానికి నేను జవాబు చెబుతాను. మూడు కారణాలు విడివిడిగా చూడాలి.

ఒకటి, ఆ జ్వరం కొత్త దోమకాటు వల్ల కాకపోవచ్చు. వైవాక్స్ అనే రకం మలేరియా పరాన్నజీవి కాలేయంలో నిద్రపోతూ ఉండి వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. మొదటిసారి జ్వరం తగ్గడానికి క్లోరోక్విన్ మూడు రోజులు వాడతారు, కాలేయంలో దాగినదాన్ని చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. నాలుగో రోజుకే బిడ్డ ఆడుకుంటూ ఉంటే తల్లి మాత్రలు ఆపేస్తుంది. నెలా రెండు నెలల్లో జ్వరం తిరిగొస్తే తిట్లు తెర మీద పడతాయి. కాబట్టి పిల్ల కార్డు చూడండి. వెనక వైవాక్స్ వచ్చిందా, 14 రోజులూ ఇచ్చారా అని అడగండి. ఏడాది లోపు పిల్లలకు, గర్భిణులకు ప్రైమాక్విన్ ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు అది రక్తకణాలను పగలగొడుతుంది. మాత్రలు వేశాక మూత్రం నల్లటి టీ రంగులోకి మారితే వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి.

రెండోది వేళ. తెర రాత్రి పదికి దించుతారు, కానీ అనాఫిలిస్ చీకటి పడగానే బయల్దేరుతుంది. పిల్ల పొద్దుగూకే వేళ తల్లి ఒళ్లో, వాకిట్లో, పొయ్యి పక్కన ఉంటుంది. చంటిబిడ్డను ఏడు గంటలకే నిద్రపుచ్చుతారు కదా, తెర అప్పుడే దించాలి. పెద్దవాళ్లు పడుకునేదాకా ఆగక్కర్లేదు.

మూడోది, తెరలోపలే కుట్టడం. పిల్ల చెయ్యో కాలో తెరకు ఆనుకుని ఉంటే దోమ బయటినుంచే కుడుతుంది. మందు తాజాగా ఉంటే దోమ చస్తుందేమో గానీ కాటు పడ్డాకే చస్తుంది. అందుకే చిన్నవాళ్లను మధ్యలో, పెద్దవాళ్లను అంచున పడుకోబెట్టాలి.

ఐదేళ్ల లోపువాళ్ల మీద ఇంత పట్టు ఎందుకంటే, తల్లినుంచి వచ్చిన రక్షణ మొదటి కొన్ని నెలలకే కరిగిపోతుంది, సొంత రోగనిరోధకత ఇంకా కుదరదు. ఆ సందులో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా పడితే రక్తహీనత ముదురుతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి. 2023లో ప్రపంచంలో మలేరియాతో చనిపోయినవారు సుమారు 5,97,000 మంది, నూటికి 95 దాకా ఆఫ్రికాలోనే. అక్కడ చనిపోయినవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఐదేళ్ల లోపు పిల్లలే. అసలు తెరే లేని ఊళ్లతో పోలిస్తే మందు దోమతెరలు ఇచ్చిన ఊళ్లలో పిల్లల చావులు సుమారు 17 శాతం తగ్గాయని ఆఫ్రికాలో జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే తేలింది.

ఒకప్పుడు శాస్త్రవేత్తలకే ఒక భయం ఉండేది. చిన్నప్పుడు దోమకాటు తప్పిస్తే రోగనిరోధకత ఆలస్యమై, చావు వాయిదా పడుతుందే గానీ తప్పదేమో అని. దక్షిణ టాంజానియాలో 1998, 2000 మధ్య పుట్టిన 6,706 మంది పిల్లలను పెద్దయ్యేదాకా గమనించారు. ఇంటికి వెళ్లి అడిగిన సందర్భాల్లో సగమైనా తెరలో పడుకున్నట్టు తేలిన పిల్లల్లో మరణాల ముప్పు, అంతకంటే తక్కువ వాడినవాళ్లకంటే 43 శాతం తక్కువగా కనిపించింది. చిన్నప్పుడు దక్కిన రక్షణ పెద్దయ్యాక వడ్డీతో తీరాల్సిన అప్పు కాలేదు. "అలవాటు పడనీ, ఒళ్లు గట్టిపడుతుంది" అనే తాతయ్యలకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఒక్క హెచ్చరిక. తెర ఉంది కదా అని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకండి. జ్వరం మొదలైన 24 గంటల్లోపు ఆశా దగ్గర కిట్‌తో పరీక్ష చేయించాలి. పాలు తాగకపోవడం, తాగిందంతా కక్కేయడం, మగతగా పడి ఉండటం, ఫిట్స్, అరచేతులు తెల్లబోవడం, ఎగశ్వాస, వీటిలో ఏ ఒక్కటున్నా కిట్ ఫలితం కోసం కూర్చోకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.

ఆశా_శిక్షణ:

ఇద్దరూ చెప్పింది బాగుంది సార్. తెర కట్టడం దగ్గరే మన గూడేల్లో పని చెడుతోంది, కాబట్టి అది కొలతలతో రాస్తాను.

సాధారణంగా వచ్చే పెద్ద తెర పొడవు 180, వెడల్పు 160, ఎత్తు 150 సెంటీమీటర్లు. అంచు చాప కిందకో పరుపు కిందకో కనీసం 25 సెంటీమీటర్లు దోపాలి. అంటే నేల మీద చాప వేసుకుంటే తెర కప్పు నేలకు 125 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. 45 సెంటీమీటర్ల నులక మంచం మీదైతే 170 ఎత్తులో. దూలం 210 ఎత్తున ఉంటే నేలపడకకు ఒక్కో మూలకు 85, మంచానికి 40 సెంటీమీటర్ల తాడు వేలాడాలి. ముడులకు మరో 30 కలుపుకుని కోసుకోండి. జనం చేసే పొరపాటు ఏమిటంటే మంచానికి కట్టిన తాళ్లతోనే తెరను చలికాలం నేలపడకకు వాడతారు. అప్పుడు అంచు నేలకు జానెడు పైన తేలుతుంది, దోమకు గుమ్మం తెరిచినట్టే. ఒకే తాడుకు రెండు ఎత్తుల్లో ముడులు వేసి ఉంచితే ఏ పడకకైనా సరిపోతుంది. పురికొస తేమకు కుళ్లుతుంది, నైలాన్ తాడు మేలు.

ఎండాకాలం వాకిట్లో పడుకునేవాళ్లు మంచం కోళ్లకు నాలుగు వెదురు కర్రలు కట్టి తెర దించుకోవచ్చు. పోడు కాపలాకు పాకలో పడుకునేటప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్తారు, కానీ తెర ఇంట్లోనే ఉండిపోతుంది. కొండల్లో ఈ ఒక్క తప్పువల్లే చాలా జ్వరాలు. తెరను బియ్యంతో పాటు మూటలో పెట్టమని చెప్పాలి.

చీర ఉయ్యాలకు తెర ఇలా కట్టాలి. ఉయ్యాల వేలాడే దూలానికే తెర కప్పు మధ్యభాగాన్ని తాడుతో ఎత్తి కట్టండి, నాలుగు మూలలు పక్క వాసాలకు. తెర నేలదాకా జారి, కింద పరిచిన చాప మీద అంచు మడతపడాలి. ఊగినప్పుడు ఉయ్యాల తెరకు తగలకుండా చుట్టూ రెండు జానల ఖాళీ ఉండాలి. అంత చోటు లేకపోతే రాత్రిపూట ఉయ్యాల మానేసి తల్లి పక్కనే తెరలో పడుకోబెట్టడం మంచిది. బజారులో దొరికే గొడుగు తెరలో మందు ఉండదు, పైగా చిన్నది, బిడ్డ కాలు చాపితే తగులుతుంది. పగటి నిద్రకు పనికొస్తుంది, రాత్రికి దాని మీదే ఆధారపడొద్దు.

పొయ్యి దగ్గర తెర వద్దు. కిరోసిన్ బుడ్డి, దోమల చుట్ట తెర లోపల అసలే వద్దు. చలికి పొయ్యి చుట్టూ పడుకునే ఇళ్లలో పడకను కనీసం తెర అంచుకు నిప్పురవ్వ అందనంత దూరం జరపాలి. పొగకు తెర నల్లబడితే ఊరికే ఉతకాలనిపిస్తుంది, అదీ నష్టమే.

కొత్త తెరతో మంట, తుమ్ములు అని కొందరంటారు. కవరు విప్పగానే కట్టకూడదు. ఒక రోజంతా, అంటే 24 గంటలు, నీడలో గాలికి ఆరేయాలి. తర్వాత కూడా మొదటి రెండు మూడు రోజులు మొహం చిమచిమలాడొచ్చు, తగ్గిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కోమనండి. పిల్లలు తెర నోట్లో పెట్టుకున్నా అందులోని మందు మోతాదుకు విషం ఎక్కదు, అయినా నమలనివ్వొద్దు. తెర వచ్చిన ప్లాస్టిక్ కవర్లో పప్పు బియ్యం పోయొద్దు.

ఉతకడం: మూడు నెలలకు ఒక్కసారి, చల్లటి నీళ్లు, మామూలు ఒంటిసబ్బు, బకెట్‌లో, మెల్లగా పిసికి. పిండి మెలిపెట్టకుండా నీడలో ఆరేయాలి. గెడ్డలో ఉతకడం రెండు రకాలుగా తప్పు: మందు పోతుంది, ఈ మందులకు చేపలు ఇట్టే చస్తాయి. ఉతికిన నీళ్లు గెడ్డకు, నుయ్యికి దూరంగా నేల మీద పారబోయాలి. పాత తెరతో చేపలు పట్టడం కూడా అందుకే వద్దు.

గూడెం_అంగన్‌వాడీ:

చాలా వివరంగా చెప్పారండి. లేబుల్ చూశాను, డెల్టామెత్రిన్, పాలియెస్టర్. సంతలో కొన్న తెరల సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకాయన పత్తికి కొట్టే డెల్టామెత్రిన్ నీళ్లలో కలిపి ముంచుదామంటున్నాడు. ఇంకోటి, ఇంటికి రెండు తెరలే ఉన్నాయి, ఏడుగురు మనుషులు. ఎవరికి ముందు?

దోమల_విభాగం:

పొలం మందు వద్దే వద్దు, మేడమ్! పేరు ఒకటే అయినా పంట మందులో కలిపే ద్రావకాలు వేరు, ఒంటికి ఆనుకుని రాత్రంతా పీల్చే బట్టకు పనికిరావు. ముంచడానికి వేరేగా 2.5 శాతం డెల్టామెత్రిన్ ఫ్లో వస్తుంది, అది మలేరియా సిబ్బంది దగ్గర ఉంటుంది, వాళ్లే చేయాలి. లెక్క తెలిస్తే పక్కన నిలబడి సరిచూడొచ్చు. చదరపు మీటరుకు 25 మిల్లీగ్రాములు కావాలి, ఆ ద్రవంలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు ఉంటాయి, కాబట్టి చదరపు మీటరుకు 1 మిల్లీలీటరు. పెద్ద తెర విస్తీర్ణం సుమారు 13 చదరపు మీటర్లు. అందుకే పెద్దదానికి 15, చిన్నదానికి 10 మిల్లీలీటర్లు పోస్తారు.

నీళ్లు ఎన్ని అన్నది తెరే చెబుతుంది. ముందు ఉత్త నీళ్లలో తడిపి, నీరు కారడం ఆగాక తెర ఎంత పీల్చుకుందో కొలవాలి. నైలాన్ తెరకు అర లీటరు చుట్టూ పడుతుంది, నూలు తెర నాలుగింతలు తాగుతుంది. అంతే నీళ్లలో మందు కలిపితే తొట్టెలో చుక్క మిగలదు. ఎక్కువ నీళ్లు పోస్తే మందు సగం తొట్టెలోనే ఉండిపోతుంది. ముంచాక దండెం మీద వేలాడదీస్తే మందంతా కింది అంచుకు దిగుతుంది, ప్లాస్టిక్ పట్టా మీద పరిచి నీడలో ఆరబెట్టాలి. ఇది ఆరు నెలల పనే. వానలకు ముందు చేయించుకోవాలి, తర్వాత ఉతకకూడదు. మీ పాలియెస్టర్ ప్రభుత్వ తెరకు మందు మిగిలి ఉంటుంది, దాన్ని ముంచే ముందు మలేరియా సబ్‌యూనిట్ ఆఫీసరును అడగండి.

ఇంటి గోడలకు పిచికారీ కొట్టే ఇళ్లలో ఒక మాట: మందు కొట్టాక రెండు మూడు నెలలు గోడ అలకొద్దు, సున్నం వేయొద్దు. పండగని అలికేస్తే కొట్టిన మందంతా మట్టి కిందకు పోతుంది.

పిల్లల_వైద్యం:

రెండు తెరలు, ఏడుగురు అంటే మొదటి తెరలో గర్భిణి లేదా బాలింత, ఐదేళ్ల లోపు పిల్లలు. ఇందులో బేరం లేదు. ఇంటాయన తెర బయట పడుకున్నా ఫరవాలేదు. గర్భిణికి మలేరియా వస్తే పుట్టే బిడ్డ బరువు తగ్గుతుంది, కాబట్టి ఆమెకు వేసిన తెర కడుపులో బిడ్డకు కూడా. రెండో తెరలో బడికెళ్లే పిల్లలు. ఇద్దరికి ఒకటి అన్నది పంపిణీ లెక్క, ఆ ప్రకారం ఈ ఇంటికి నాలుగు రావాలి. ఆ తేడా ఇంటింటికీ రాసి ఇవ్వండి. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకు వచ్చే పిల్లలను కూడా లెక్కలో వేయండి, చాలా జాబితాల్లో వాళ్లు కనిపించరు.

తెర లేని ఇంటికి కూడా లాభం ఉందని కెన్యాలో అసెంబో ప్రాంతంలో చూశారు. తెరలు వాడే ఇళ్లకు 300 మీటర్ల లోపున్న తెరలేని ఇళ్లలో కూడా పిల్లలకు మేలు జరిగింది. ఊళ్లో ఎక్కువమంది వాడితే దోమలు తగ్గిపోతాయి, ముసలి దోమలు అసలే మిగలవు. మలేరియా అంటించేది ముసలి దోమే, పరాన్నజీవి దాని కడుపులో పెరగడానికి పది రోజులకు పైగా పడుతుంది. అందుకే అటక మీద మూటలో ఉన్న ఆ సగం తెరలను ముందు దింపించండి.

ఆశా_శిక్షణ:

మేడమ్, అటక మీదివి దింపేటప్పుడు ఎందుకు మూటకట్టారో ఇంటింటా అడిగి రాసుకోండి. ఉక్కపోత అంటే తెర కాస్త ఎత్తుగా, వెడల్పుగా కట్టి చూపించాలి. తాడు లేదంటే తాడు ఇవ్వాలి. మంట పుట్టిందంటే మళ్లీ ఒకరోజు నీడలో గాలికి వేయించాలి. "దోమలు లేవు కదా" అనేవాళ్లు ఎక్కువగా ఉంటారు. అనాఫిలిస్ చప్పుడు పెద్దగా ఉండదు, అది కుట్టినట్టు కూడా తెలియదని వాళ్లకు చెప్పండి. తర్వాత ఒక రాత్రి ఎనిమిది గంటలకు నాలుగిళ్లు తిరిగి చూడండి, పగలు దూలానికి కట్టి ఉన్న తెర రాత్రి దిగిందో లేదో అప్పుడే తెలుస్తుంది.